ఉంగరం గురించి నాలుగో మాట

మిషను గది నుంచి

పెద్దమ్మడికి,

నాన్న రాసేది. నిలబడి చదువుతుంటే కూర్చో. చేతిలో ఎవరి నగైనా ఉంటే బల్ల మీద పెట్టేసి మరీ చదువు. సంతోషం పట్టలేక నేనిప్పటికే రెండు కాగితాలు పాడుచేశాను. మీ నాన్న చదువు సంగతి నీకు తెలుసు, తప్పులుంటే దిద్దుకో.

అమ్మ ఉంగరం దొరికింది.

ఇంకోసారి రాస్తాను, ఇంకోసారి చదువుకో. అమ్మ ఉంగరం దొరికింది. మన పుల్ల, అదే మీ చెల్లి, వేలికి పెట్టుకుని వెళ్ళిన ఉంగరం, ఇన్నేళ్ళు నేను వీధివీధీ తిరిగి వెతికిన ఉంగరం, ఇవాళ నా అరచేతిలోకి వచ్చింది.

నీకు తెలియనిదేం కాదు, అయినా మొదటి నుంచీ చెప్పుకోవాలని ఉంది, చెప్పుకోనీ. అమ్మ పోయిన ఏడాదే మీ చెల్లి ఉద్యోగం చూసుకుంటానని బయల్దేరింది. అమ్మ ఉంగరం ఇస్తావా నాన్నా అంది. వేళ్ళు మరీ పుల్లల్లా ఉండి జారిపోతుంటే, అడుగున పసుపు దారం నేనే చుట్టిచ్చాను. ఉద్యోగంలో చేరానని ఒక కార్డు వచ్చింది. అంతే. ఆ కార్డు మీదున్న గదికి మనిద్దరం వెళితే, ఖాళీ చేసి పోయిందన్నారు. పోలీసాయన ఆనవాలేమిటని అడిగితే నువ్వూ నేనూ ఒక్కసారే ఉంగరం అన్నాం. గుర్తుందా?

కష్టం వస్తే పిల్ల ఉంగరం అమ్ముకుంటుంది, అది తేలిన చోట పిల్ల జాడ తెలుస్తుంది అనుకుని పాత నగల షాపులు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. అడిగి, చూసి, ఊరికే లేచి రావాలంటే మొహమాటం. అందుకని పోయిన చోటల్లా ఒక తెగిన కొక్కెమో, జత పోయిన దిద్దో కొనుక్కొచ్చేవాణ్ణి. చివరికి ఈ వీధి వాళ్ళు నన్ను పాత బంగారం పిచ్చోడనడం మొదలుపెట్టారు. నువ్వు మీ నగల షాపు నుంచి ఆ భూతద్దం పంపి, ఒక్కో ముక్క ఎలా చూడాలో రాయడం మొదలుపెట్టాక నిజంగానే పిచ్చి పట్టింది, అది వేరే సంగతి.

ఇవాళ వాన. గొడుగు ఆరేదాకా కూర్చుందామని గుసగుసలాయన షాపులోకి వెళ్ళాను. అదే, గొంతు పోయి బేరం కూడా చెవిలోనే చెప్పే ఆయన. “పెద్దాయనా, ఇవాళ కొక్కేలు లేవు, కూర్చుని వెళ్ళు” అన్నాడు. కూర్చున్నాను. మోచేతి పక్కన ట్రే ఉంది. అందులో అమ్మదాని లాంటి ఐదు ఆకుల ఉంగరం.

అలాంటివి చాలా చూశాను కదా, గుండె గట్టిగా కొట్టుకోలేదు. భూతద్దం తీసి ఊరికే చూశాను. చివరాకు వంగి ఉంది. దాని మీద రెండు చిన్న గాట్లు, పక్కపక్కన. చిన్నది పాలపళ్ళు వచ్చేటప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని కొరికిన గాట్లు. అమ్మ ఆ ఆకు సరిచేయించనివ్వలేదు, ఉండనీ, దాని సంతకం అనేది.

“ఏంటి పెద్దాయనా, అందులో ఏం కనిపించింది?” అన్నాడు.

“మా అమ్మాయి పళ్ళయ్యా” అన్నాను.

వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. చూడనీ.

పక్కన పెట్టించి వచ్చాను. మీ మేనత్తకి చెబితే “ఉంగరం దొరికితే పిల్ల దొరికినట్టా, నీ మొహం” అంది. అంటూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. అది ఎప్పుడూ అంతే. నాకైతే కాళ్ళు నేల మీద ఆనడం లేదు తల్లీ. వెంటనే రాయి.

నాన్న

*

షాపు వెనక గది నుంచి

నాన్నకి,

నీ ఉత్తరం టీ తాగుతూ తెరిచాను. టీ చల్లారిపోయింది.

రెండుసార్లు చదివాను. కానీ నాన్నా, కాస్త ఆగు. ఐదాకుల ఉంగరాలు ఆ కాలంలో బోలెడన్ని చేశారు. మెత్తటి పాత బంగారం, తలుపు సందులో నలిగినా గాట్లు పడతాయి. నువ్వు పొరబడ్డావని అనను. నేను కళ్ళతో చూసేదాకా ఎవరికీ చెప్పొద్దని మాత్రం అంటున్నాను. అత్తకి చెప్పేశావు కాబట్టి వీధికంతా తెలిసే ఉంటుంది, సరే.

ఆయనకది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడుగు. గట్టిగా అడుగు. మొహమాటపడి ఇంకో కొక్కెం కొనుక్కుని వచ్చేయకు.

కొనేముందు ఒకసారి నాకు పంపడానికి ఒప్పుకుంటాడేమో కనుక్కో. ఒప్పుకోకపోతే నేనే వస్తాను. వేళకి తింటున్నావా? ఆ ఇంటికి ఈదురుగాలి ఎక్కువ, వానలో కిటికీ మూసుకుని మిషను దగ్గర కూర్చో.

నీ పెద్దమ్మడు

*

మిషను గది నుంచి

పెద్దమ్మడికి,

ఇదిగో, ఉంగరం. గుండీల డబ్బాలో దూది వేసి, పైన గుడ్డతో కుట్టి పంపుతున్నాను. కుట్టు విప్పేటప్పుడు జాగ్రత్త, మీ నాన్న కుట్టు ఊరికే ఊడిరాదు.

కొనకముందు మా పెద్దమ్మాయికి పంపనిస్తావా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “పెద్దాయనా, నువ్వు నా దగ్గర పిన్నీసుకి కూడా బేరమాడేవాడివి, ఇవాళ ఆడటం లేదంటే ఇది ఎంత కావాలో నీ మొహమే చెబుతోంది” అన్నాడు. నిజమే, నా మొహం దాచుకోవడం నాకెప్పుడూ చేతకాదు. ఇంటికొచ్చి బిస్కెట్ల డబ్బా తీసుకెళ్ళి ఆయన బల్ల మీద కుమ్మరించాను. కొక్కేలు, దిద్దులు, గొలుసు ముక్కలు, ఆ మువ్వ, నువ్వు చాలా పాతదన్న ముక్కుపుడక, అన్నీ. డబ్బాతో సహా ఇచ్చేశాను. నువ్వు బాధపడతావేమోనని ముందే చెబుతున్నాను: నాకు పిసరంత బాధ లేదు. అవన్నీ ఈ ఉంగరం కోసం పోగైనవే, దీంట్లోకే పోయాయి. భూతద్దం కూడా అడిగాడు. అది మా పెద్దమ్మాయి ఇచ్చిందయ్యా, అడక్కు అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో గట్టిగానే అడిగాను. “కరిగించడానికి పోయే సంచిలో వచ్చింది. ఆకులు బాగున్నాయని తీసి పెట్టాను. ఎవరు అమ్మారో, ఎన్ని చేతులు మారిందో ఆ సంచికే తెలియాలి” అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదులే. కరిగిపోవలసింది ఆగిందంటే ఏమనుకోవాలి? నాకోసమే ఆగింది.

ఇక నీ పని. నేను ఏ ముక్క పంపినా నాలుగు మాటలు రాసేదానివి కదా: ఏ కాలంది, ఎలా చేసింది, ఎంత అరిగింది, ఏం మరమ్మతు జరిగింది. దీనికీ ఆ నాలుగు మాటలూ రాసి పంపు. మీ షాపులో పెద్దవాళ్ళ నగలకి రాసినట్టే రాయి. తొందరేం లేదని అబద్ధం చెప్పను. పోస్టాయన సైకిలు చప్పుడు వినిపిస్తే చాలు, మిషను ఆపేస్తున్నాను.

నాన్న

*

షాపు వెనక గది నుంచి

నాన్నకి,

ఆలస్యమైంది, కోప్పడకు. షాపులో పని ఎక్కువగా ఉంది.

ఉంగరం అమ్మదే.

ముందు పేరు లేని నగలాగే చూద్దామని కూర్చున్నాను. కిటికీ పక్క బల్ల, పొద్దుటి వెలుతురు, తెల్ల గుడ్డ. ఎవరిదన్నది పక్కన పెట్టి, ఏమిటన్నదే చూడాలని. కుదరలేదు. ఆ రెండు గాట్లూ కనిపించగానే భూతద్దం దించేశాను. చిన్నదాని పైపళ్ళ మధ్య సందు ఉండేది చూడు, ఆ సందు కూడా ఆకు మీద అలాగే పడి ఉంది.

ఏ కాలంది: అమ్మమ్మ అమ్మ కాలంది అయ్యుంటుంది. బంగారంలో కాస్త ఎరుపు ఉంది. అప్పట్లో గట్టిదనం కోసం రాగి కలిపేవాళ్ళు.

ఎలా చేసింది: అచ్చు పోసింది కాదు, అంతా చేతి పని. ఆకులు రేకులోంచి కత్తిరించి ఒక్కొక్కటే అతికారు. ఏ రెండూ ఒక్కలా లేవు. ఆకుల వెనక ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. చేసినాయన ఎడమచేతి వాటం మనిషని నా అనుమానం. గీతలన్నీ అటే వాలి ఉన్నాయి. అమ్మకి ఈ సంగతి తెలిస్తే ఎంత నవ్వేదో.

ఎంత అరిగింది: ముగ్గురు ఆడవాళ్ళు పెట్టుకున్నంత అరిగింది. అరచేతి వైపు సగానికి సగం సన్నబడింది. అమ్మ బట్టలు ఉతికే రాయి, బకెట్టు పిడి, అన్నీ ఉన్నాయి అందులో. ఆకుల అంచులు మెత్తబడ్డాయి.

నాన్నా, ఉంగరం కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీ. శుభ్రం చేసి ఇస్తాను. నువ్వు ఆశ పెట్టుకోవద్దని అనడానికి నాకు నోరు రావడం లేదు. నెమ్మదిగా పెట్టుకో, అంతే.

నీ పెద్దమ్మడు

*

మిషను గది నుంచి

పెద్దమ్మడికి,

ఉంగరం అమ్మదే అన్న నీ ముక్క పది మందికి చదివి వినిపించాను. వద్దన్నావు, తెలుసు. నోరు ఆగలేదు. పాలాయన, పక్కింటి టీచరమ్మ, పోస్టాయన కూడా విన్నాడు. మీ మేనత్త మాత్రం “చదివింది చాలు, కళ్ళద్దాలకి ఆవిరి పడుతోంది, తుడుచుకో” అంది. ఎడమచేతి వాటం సంగతి అందరికీ తెగ నచ్చింది.

అది సరే, అమ్మాయిగారూ, నాలుగో మాట ఏది? మూడే రాశావు. నేను పంపిన చచ్చు కొక్కేనికి కూడా “తోక విరిగితే అతికారు” అని రాసిన దానివి, దీనికి మరమ్మతు మాటే ఎత్తలేదు. మర్చిపోయావా, నాన్నకి పరీక్ష పెట్టావా? పరీక్ష అయితే ఇదిగో జవాబు. పంపేముందు రోజంతా భూతద్దంతో చూశాను మరి.

ఉంగరం అడుగున అతుకు ఉంది. సన్నటి తెల్ల గీత, అడ్డంగా. అది అమ్మ నాటికి లేదు. నేను దారం చుట్టిన చోటది, నున్నగా ఉండేది, నా వేళ్ళకి గుర్తు.

అతుకు ఎందుకుంటుంది? నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? కుట్టు విప్పేది ఎప్పుడు, వదులు చెయ్యాల్సి వచ్చినప్పుడు. పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు పట్టుకుని సిగ్గుపడుతూ ఎంతమంది వచ్చేవాళ్ళో, కాస్త వదులు చేసిపెట్టు తాతా అంటూ. మన పుల్ల ఒళ్ళు చేసింది తల్లీ. దారం చుట్టినా జారిపోయిన ఉంగరం పట్టకపోతే, కోసి, వదులు చేయించుకుంది. వేళ్ళు నిండాయంటే మనిషి నిండినట్టే. వేళకి తింటోంది. మంచి ఇంట్లో ఉంది. ఇక పుల్ల అని పిలిస్తే ఊరుకోదేమో. మళ్ళీ ఇంకా ఒళ్ళొచ్చి అదీ పట్టక అమ్మేసి ఉంటుంది, దానికి మాత్రం కోప్పడాలి.

ఇది తట్టిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, కానీ ఒంట్లో ఎంత హుషారుగా ఉందో చెప్పలేను. చలికాలం వస్తోంది. దానికి కోటు కుడుతున్నాను. నీలం ఉన్ని గుడ్డ, లోపల మెత్తటి అస్తరు. పాత కొలతలు గోడ మీద పెన్సిలుతో ఉన్నాయి కదా, వాటి మీద వదులు వేసి కత్తిరించాలి. ఎంత వదులో తేలడం లేదు. ఉంగరం ఇప్పుడు ఎంత సైజుందో చూసి రాయి. వేలి లెక్కన మణికట్టు, మణికట్టు లెక్కన భుజం నేను వేసుకుంటాను.

నాన్న

*

షాపు వెనక గది నుంచి

నాన్నకి,

కోటు ఇప్పుడే కత్తిరించకు. ఉన్ని గుడ్డ మళ్ళీ దొరకదు, తొందరపడితే పాడవుతుంది. ఉంగరం సైజు తీరిగ్గా చూసి రాస్తాను.

టీచరమ్మకీ పాలాయనకీ ఇక ఏమీ చదవకు.

ఇక్కడ చలి మొదలైంది. బల్ల మీద బంగారం కూడా పొద్దున్నే చల్లగా ఉంటోంది.

నీ పెద్దమ్మడు

*

మిషను గది నుంచి

పెద్దమ్మడికి,

ఉత్తరమా అది? పోస్టాయన కూడా “ఇంతేనా” అన్నాడు. ఉంగరం సైజు చూడటానికి తీరిక దొరకని వాళ్ళు ఉంగరాల షాపులో ఏం చేస్తున్నట్టు? సరదాకి అంటున్నానులే.

గుడ్డ కత్తిరించేశాను. ఆగలేకపోయాను. నడుం దగ్గర బాగా వదిలాను, చేతులు నిండుగా వేశాను. ఎక్కువైతే లోపలికి తీయొచ్చు, తక్కువైతే ఏమీ చెయ్యలేం. కాలరు నిన్న పూర్తయింది. మీ మేనత్త వచ్చి తొడుక్కుని అద్దం ముందు నిలబడి, “ఇందులో దాన్ని ఇద్దర్ని పెట్టొచ్చు” అంది. అదే కదా నా సంతోషం అన్నాను. అది కోటు విప్పి, మడతపెట్టి, నా పక్కన కూర్చుంది. దాని మోకాళ్ళ నొప్పి ఎక్కువైనట్టుంది.

ఇంకో సంగతి. మిషను పక్క గది గోడకి సున్నం వేయిద్దామనుకుంటున్నాను. పుల్ల వస్తే ఆ గదే కదా. మంచం కోళ్ళు బిగించాను, తలుపు గడియకి నూనె వేశాను.

నువ్వు ఏదో దాస్తున్నావు. పెన్ను పట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నట్టు ఉంది నీ ఉత్తరం. చిన్నప్పుడు సూది విరగ్గొట్టిన రోజు కూడా ఇలాగే తలుపు పక్కన నిలబడి కాళ్ళు చూసుకునేదానివి. జాడ ఏమైనా తెలిసిందా? పుల్లకి నా మీద కోపమా? రాకూడదనుకుందా? ఏదైనా పరవాలేదు. కోపమైతే మరీ మంచిది, కోపం ఉన్న మనిషి ఎక్కడో ఉన్నట్టేగా.

నాలుగో మాట రాయి. ఉన్నదున్నట్టు రాయి.

నాన్న

*

నా గది నుంచి

నాన్నకి,

ఇది షాపులో రాయలేకపోయాను. చదివేటప్పుడు అత్తని పక్కన కూర్చోబెట్టుకో.

ఉంగరం సైజు పెంచలేదు. పెంచాలంటే కోసిన చోట కొత్త ముక్క పెట్టి అతకాలి. అప్పుడు అతుకులు రెండుంటాయి. దీనికి ఒకటే ఉంది. ఉంగరాల సైజు చూసే కడ్డీకి తొడిగి చూశాను. నువ్వు దారం చుట్టకముందు అమ్మ వేలికి ఎంతుండేదో, దానికి వెంట్రుకవాసి తక్కువ ఉంది. రంపం తిన్నంత మేర తగ్గింది.

ఇది ఆసుపత్రి కోత, నాన్నా. మా దగ్గరికి నెలకొకటైనా ఇలాంటిది వస్తుంది. దెబ్బ తగిలో, ఒళ్ళు వాచో ఉంగరం రాకపోతే అక్కడ ఒక చిన్న పనిముట్టు వాడతారు. దానికి కింద సన్నటి నాలుక ఉంటుంది. దాన్ని వేలికీ ఉంగరానికీ మధ్య దూర్చి, పైన పళ్ళ చక్రం తిప్పుతారు. తెగాక రెండు వైపులా పట్టకారుతో పట్టి విడదీస్తారు. ఆ పట్టకారు కాట్లు అతుకుకి అటొకటీ ఇటొకటీ ఉన్నాయి.

ఉంగరం కోసినంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు. ఈ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. బతికి బయటపడ్డ వాళ్ళు ఆ కోసిన ఉంగరం రుమాల్లో కట్టుకుని మా షాపుకి వస్తారు, కనిపించకుండా అతకమని బతిమాలతారు. ఇది అలా ఎవరూ ప్రేమతో అతికించింది కాదు. అతకడానికి వాడింది నాసిరకం టంకం, వెండి ఎక్కువ. అమ్మడానికి గుండ్రంగా ఉంటే చాలన్నట్టు అతికారు. పట్టకారు కాట్లు కూడా అరగదీయలేదు.

ఇంకా ఒకటుంది. అదే నేను రాయలేకపోయింది. ఉంగరమంతా అరిగింది, అతుకు అరగలేదు. దాని అంచు నా గోటికి ఇంకా పట్టుకుంటోంది. అతికాక ఈ ఉంగరం ఎవరి వేలికీ ఎక్కలేదు. చెల్లి ఉండి ఉంటే ఇది ఒక్క రోజు కూడా వేలు దిగేది కాదు. టంకం అంచుల్లో నల్లబడిన తీరు చూస్తే ఈ కోత నిన్నామొన్నటిది కాదు. మనం ఆ ఖాళీ గది తలుపు ముందు నిలబడిన రోజుల నాటిది. నువ్వు కొన్న మొదటి కొక్కెం నాటికే ఇది ఏదో సంచిలో ఉంది.

కార్డు మీద ఉన్న ఊరికి ఫోన్లు చేశాను. అంత పాత సంగతులు ఎవరికీ తెలియవన్నారు. ఇంకా చేస్తాను. కానీ నువ్వడిగింది ఉన్నదున్నట్టు. నాకు తెలిసినంతలో చెల్లి లేదు, నాన్నా.

ఈ పనిలో ఎందుకు చేరావని నువ్వెప్పుడూ నన్నడగలేదు. నువ్వు షాపులకి వెళ్ళి వెతికావు, నేను షాపులోనే కూర్చున్నాను. పాత నగలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఈ బల్ల మీదికి వస్తాయనుకున్నాను. ఐదాకులు కనిపించినప్పుడల్లా చివరాకు చూసి, అది తిన్నగా ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. నువ్వు దొరకాలని చూసేవాడివి. నేను దొరక్కూడదని చూసేదాన్ని.

కోటు కుట్టొద్దని అన్నప్పుడు ఈ మాట చెప్పేయాల్సింది. నీ అక్షరాలు అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇంకొక్క ఉత్తరం అనుకున్నాను.

నీ పెద్దమ్మడు

*

మిషను గది నుంచి

పెద్దమ్మడికి,

నీ ఉత్తరం అందింది. అంది చాలా రోజులైంది. మీ మేనత్త చదివింది, సగం వరకు. మిగతాది నేను చదువుకున్నాను.

సున్నం వేసేవాణ్ణి వద్దన్నాను. కోటుకి గుండీలు కుట్టలేదు, కాజాలు మాత్రం అయ్యాయి. కొక్కేనికి తగిలించి ఉంది. తీద్దామని రెండు మూడుసార్లు చెయ్యి వేశాను, ఉండనిచ్చాను. పాలాయన ఎప్పుడొస్తోందండీ అమ్మాయి అని అడిగితే, ఇప్పట్లో రాదులేవయ్యా అన్నాను. పోస్టాయన ఏమీ అడగలేదు. నా మొహం చూస్తే చాలు కదా ఎవరికైనా.

నిన్నేమీ అనను. ఆలస్యం చేశావని కూడా అనను. ఆ కొన్నాళ్ళూ నేనెంత బాగున్నానో నీకు తెలియదు. బజారుకి వెళితే ఒళ్ళున్న ఆడపిల్లల్ని చూసి, మా పుల్ల ఇలా ఉండి ఉంటుంది, కాదు, ఇంకాస్త పొడుగు అనుకుంటూ నడిచేవాణ్ణి. పెద్దమ్మాయి చెప్పడానికి భయపడింది, చిన్నమ్మాయి నిండుగా ఉంది, నాన్న కోటు కుడుతున్నాడు. అలా గడిచింది. అది నాకు నువ్వు ఇచ్చిందే అనుకుంటాను.

గుసగుసలాయన దగ్గరికి వెళ్ళాను. బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టి, “తీసుకుపో పెద్దాయనా, నేనింకా కరిగించలేదు” అన్నాడు. ఎవరు చెప్పారో మరి. వద్దయ్యా, ఇక నాకు వాటితో పని లేదు అన్నాను. టీ తెప్పించాడు. తాగాను.

ఒక్కటి అడుగుతాను. దీనికి జవాబు మాత్రం వెంటనే రాయి.

చంటిపిల్లలకి గౌను తొడిగాక మెడ దగ్గర దారం కొస మిగిలితే, నేను వట్టి కత్తెర ఎప్పుడూ పెట్టేవాణ్ణి కాదు. నా వేలు పిల్ల మెడకి అడ్డం పెట్టి, ఆ వేలు మీద కత్తెర ఆనించి తెంపేవాణ్ణి. తెగితే నాది తెగాలి. నీకూ చిన్నదానికీ అలాగే చేసేవాణ్ణి. నువ్వు ఆ పనిముట్టు కింద నాలుక ఉంటుందని రాశావు, వేలికీ ఉంగరానికీ మధ్య దూరుస్తారని. అంటే ఎవరో చిన్నదాని చెయ్యి పట్టుకున్నారన్నమాట. పట్టుకుని, వేలు తెగకుండా అడ్డం పెట్టారన్నమాట.

ఉంగరం లోపలి వైపు ఆ నాలుక గీత ఉందా? నా భూతద్దానికి అందలేదో, చూడటం తెలియలేదో. ఉందో లేదో చూసి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను.

నాన్న

*

నా గది నుంచి

నాన్నకి,

ఇప్పుడే మళ్ళీ చూశాను. నాలుగో మాట:

ఒకచోట కోసి అతికిన ఉంగరం. లోపలి వైపు గీత ఉంది. సన్నగా, తిన్నగా, కోత పొడవునా ఉంది. ఎక్కడా జారలేదు, పక్కకి పోలేదు. కోసినవాళ్ళు తొందరపడలేదు. వేలికి ఏమీ తగలనివ్వలేదు.

ఉంగరం నేనే తెస్తున్నాను. అడుగున పసుపు దారం చుట్టాను, నువ్వు చుట్టినట్టే. అతుకు దాని కింద ఉంది.

నీ పెద్దమ్మడు